మూడు తెల్ల ఫ్రేములు

"ఆ రోజు మీ నాన్న ఏం రాశారో నీ కెమెరాలో ఉంటుంది కదే?"

అమ్మ ఈ మాట అడిగేసరికి బుడ్డి స్టూలు మీద నిలబడి, నాన్న మంచానికి పైన బిగించిన కెమెరాని ఊడదీస్తోంది. బుడ్డి అంటే చిన్నపిల్ల అనుకునేరు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పుట్టినప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు అలాగే అతుక్కుపోయింది. ఆ నాన్న పోయి రెండు వారాలయింది. మంచం అద్దెకి తెచ్చింది, సాయంత్రం దుకాణం వాళ్ళొచ్చి పట్టుకుపోతారు. ఆలోగా గది ఖాళీ చెయ్యాలని తల్లీకూతుళ్ళు పొద్దున్నుంచీ సర్దుతున్నారు.

అమ్మ కింద కూర్చుని, మిగిలిపోయిన మందులు అట్టపెట్టెలో వేసి, పైన "మందులు" అని రాద్దామని బల్ల మీదున్న మార్కరు తీసుకుంది. నాన్న మార్కరు. మూత తీసి గీస్తే పడలేదు. గట్టిగా నొక్కి గీసింది. అట్ట మీద గాటు పడింది గానీ రంగు పడలేదు. దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ఖాళీ మంచం వంక చూసింది. అప్పుడడిగింది ఆ మాట.

"ఏ రోజు సంగతమ్మా?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు మధ్యాహ్నం. మూడుసార్లు టిక్కుమనిపించారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి చూస్తే బోర్డు తెల్లగా ఉంది. ఏమీ రాయలేదు కదండీ అన్నాను. అదే బోర్డు మళ్ళీ నా మొహం ముందు పెట్టారు. తుడిచి ఇమ్మంటున్నారేమో అనుకున్నాను. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి చేతికిచ్చాను." అమ్మ ఒక్కో మాటా లెక్కపెట్టుకుంటున్నట్టు చెబుతోంది. "ఇది మూడు రోజులు మూత లేకుండా పడుంది. ఆ రోజు మూత పెట్టింది నేనే. మళ్ళీ తియ్యలేదు ఎవరూ. అంటే అప్పటికే ఎండిపోయింది. ఆయన రాశారే బుడ్డీ. నేను తుడిచేశాను."

బుడ్డి స్టూలు దిగి, చేతిలో కెమెరాతోనే మంచం మీద కూర్చుండిపోయింది.

"కళ్ళజోడు పెట్టుకోలేదే నేను," అంది అమ్మ. "వంటింట్లో పొయ్యి పక్కన వదిలేసొచ్చాను. పెట్టుకుని ఉంటే కనబడేదేమో."

అసలు సంగతి తెలియాలంటే ఆ నాన్న ఎలాంటి మనిషో తెలియాలి.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, బస్సుల మీద రాతలు, గోడల మీద ప్రకటనలు, ఏదైనా సరే. ఆయన "ఇక్కడ బండ్లు నిలపరాదు" అని రాస్తే, ఆ అక్షరాలు చూడటానికే జనం బండ్లు ఆపేవారని ఇంట్లో ఒక జోకు ఉండేది. బోర్డు పూర్తయ్యాక కింద ఒకే ఊపులో ఒక గీత లాగేవాడు, మధ్యలో సన్నబడి చివర్లో లావెక్కే గీత. అది పడిందంటే పనయిందన్నమాట. గీత పడకముందే దుకాణదారు వచ్చి "అయిందా" అని అడిగాడా, ఒంటికాలి మీద లేచేవాడు. కుంచెలు మాత్రం పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. కడగని కుంచె, మూత పెట్టని డబ్బా ఆయన దగ్గర ఎవరూ చూడలేదు.

అలాంటి మనిషికి గొంతులో జబ్బు చేసింది. ఆపరేషను చేసి లోపలి గొంతు పెట్టె తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఆసుపత్రి వాళ్ళు పలకంత తెల్లబోర్డు ఒకటీ, నల్ల మార్కరు ఒకటీ చేతిలో పెట్టి ఇక దీంతో మాట్లాడండి అన్నారు. ఆయన దాని మీద రాసిన మొట్టమొదటి వాక్యం, "ఈ మార్కరు చేసినవాడు జన్మలో అక్షరం రాసి ఉండడు." కింద గీత.

ఇంటికొచ్చాక కొత్త గొడవ మొదలైంది. ఆయన రాస్తాడు, అమ్మ చదువుతుంది, తుడుస్తుంది, గంట తర్వాత వాదన. మీరు గంజి వద్దని రాశారు అంటుంది అమ్మ. ఇప్పుడే వద్దన్నాను గానీ అసలు వద్దనలేదని ఆయన రాస్తాడు. తుడిచేసిన దానికి సాక్ష్యం ఎవరు? ఒకరోజు కోపమొచ్చి ఇలా రాశాడు: "నలభై ఏళ్ళు రాసినవి ఎండకీ వానకీ పోయాయి. ఇప్పుడు రాస్తున్నవి నీ తడిగుడ్డకి పోతున్నాయి." అది చదివి అమ్మ నవ్వింది గానీ బుడ్డికి నవ్వు రాలేదు. మర్నాడు తన పాత కెమెరా తెచ్చి మంచం పైన కిందికి చూసేలా బిగించింది. దానికి పొడుగాటి తీగ పెట్టి, చివర మీట ఆయన ఎడం చేతికిచ్చింది. రాయడం, బోర్డు ఒళ్ళో పెట్టుకోవడం, మీట నొక్కడం. టిక్. తర్వాతే తుడవడం.

ఆ టిక్కు దొరికాక ఆయనకి గొంతు మళ్ళీ వచ్చినట్టయింది. అమ్మని పిలవాలన్నా టిక్కే, విసుక్కోవాలన్నా టిక్కే. ఒక టిక్కు అంటే చదువు. రెండంటే త్వరగా చదువు. మూడంటే, అన్నీ వదిలేసి ఇలా రా.

ఇక బుడ్డి పని గురించి. కడిగే బేసిన్లు, టైల్సు, పింగాణీ కప్పులు తయారుచేసే కంపెనీలో ఫొటోలు తీస్తుంది. తెల్ల గోడ ముందు తెల్ల బేసిను పెట్టి, రెండూ తెల్లగానే ఉండాలి గానీ రెండూ వేరువేరుగా కనబడాలి అంటారు వాళ్ళు. చెప్పినంత తేలిక కాదది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తెలుపులో తెలుపు విడదీసి చూపించడంలో ఆ చుట్టుపక్కల బుడ్డిని మించినవాళ్ళు లేరు. అక్కడ ఆమెని అందరూ "సున్నం" అని పిలుస్తారు. ఆమెకీ అది ఇష్టమే.

అక్కడ ఒక విషయంలో మాత్రం ఎంతటివాడి మాటా వినదు. కెమెరా లోపలికొచ్చిన వెలుగుని ఉన్నదున్నట్టు దాచే ఫైలుని రా ఫైలు అంటారు. వెలుగుని అది పదహారు వేల చిల్లర మెట్లుగా కొలిచి దాస్తుంది. అందుకే బండ బరువు. బరువు తగ్గించాలంటే కంప్రెస్ చెయ్యమని కెమెరాకి చెప్పొచ్చు. అప్పుడది బాగా వెలుగున్న చోట నాలుగైదు మెట్లని కలిపి ఒకే మెట్టు చేసేస్తుంది. చీకట్లో తేడా కన్ను పట్టుకుంటుంది గానీ, మిలమిలా మెరిసే తెలుపులో కాస్త తేడా కన్నుకి తెలియదు, తెలియనిది దాచడమెందుకని కెమెరా చేసినవాడి లెక్క. నూటికి తొంభై తొమ్మిది ఫొటోల్లో ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ సున్నం గారి బతుకంతా ఆ తెలియని తేడా మీదే. డిస్కులు నిండిపోతున్నాయి, కంప్రెస్ చేసుకోవచ్చు కదమ్మా అని మేనేజరు బతిమాలితే, "పోయిన మెట్టు మళ్ళీ రాదు సార్, ఆ పని మాత్రం చెయ్యను," అని ముఖం మీదే చెప్పేసింది. ఇంకో రెండు డిస్కులు తెప్పించుకుంది కూడా.

నాన్న మంచం పైన కూడా మొదట అలాగే పెట్టింది. రెండు రోజులయ్యాయో లేదో నాన్న నిప్పులు చెరిగాడు. పాత కెమెరా, పెద్ద ఫైళ్ళు. నాలుగు టిక్కులు వరసగా కొడితే ఎర్రలైటు వెలిగి, దాచుకోవడం పూర్తయ్యేదాకా మొరాయించేది. మధ్యాహ్నానికల్లా కార్డు నిండిపోయేది. మీట నొక్కితే పలకదు. ఆయన బోర్డు నిండా పెద్ద అక్షరాలతో రాశాడు: "నా నోరు మళ్ళీ పడిపోయింది. బాగు చెయ్యి."

ఏం చెయ్యాలి? ఆ పాత కెమెరాలో ఉన్నవి రెండే దారులు. అన్నీ ఉంచుకుని నత్తనడక నడవడం, కొన్ని వదులుకుని చకచకా నడవడం. బుడ్డి ఆలోచించకుండా చేసిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఒక బోర్డు రెండు రకాలుగానూ తీసి, పక్కపక్కన పెట్టి, పెద్దది చేసి చూసింది. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలు, పోయేదేముంది? వెంట్రుకవాసి తేడా కనబడలేదు. మీట తిప్పినంత తేలిగ్గా సెట్టింగు మార్చేసింది. "ఇంట్లోకి ఇది చాలు," అనుకుంది. ఆ తర్వాత కెమెరా ఒక్కసారి కూడా మొరాయించలేదు, కార్డు వారమంతా వచ్చింది. నాన్న రోజుకి రెండు వందలు, మూడు వందలు టిక్కులు కొట్టాడు. ఎనిమిది నెలలు సుఖంగా గడిచిపోయాయి.

ఆ చివరి వారంలోనే కుంచెల గొడవ వచ్చింది. నాన్న ఒక పొద్దున్న, "నా సన్న కుంచె తెచ్చిపెట్టు. మార్కరుతో విసుగొచ్చింది," అని రాశాడు. అమ్మ ముఖం పాలిపోయింది. ఎందుకంటే కుంచెల పెట్టె ఇంట్లో లేదు. ఆయన ఇక లేచి రాసేదేముందిలే, ఊరికే పురుగు పట్టిపోతాయని, వీధి చివర గోడలకి రంగులేసే అతను అడిగితే నెల కిందటే ఇచ్చేసింది. మంచి మనసుతోనే ఇచ్చింది. ఆ మాట దాచలేక చెప్పేసింది. నాన్న బోర్డు అందుకున్నాడు. ఒకే ముక్క రాశాడు, "చచ్చాననుకున్నావా." మీట కూడా నొక్కలేదు. ఆమె చదివిందో లేదో చూసుకుని, బోర్డు బోర్లా పెట్టేసి, మార్కరు బల్ల మీదికి విసిరేశాడు. మూత పెట్టలేదు. నలభై ఏళ్ళలో ఒక్క డబ్బా మూత లేకుండా వదలని మనిషి.

అమ్మ ఆ సాయంత్రమే వీధి చివరికి పరిగెత్తింది. అతను కుంచెలతో పాటు ఎక్కడో పనికి వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. మూడు రోజులు నాన్న బోర్డు ముట్టుకోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడు టిక్కులు. సాయంత్రానికి ఊపిరి అందలేదు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో పోయాడు.

అమ్మకి కావాల్సింది అదొక్కటే. కోపంతోనే వెళ్ళిపోయాడా, లేక ఆ మూడు టిక్కుల్లో ఆ కోపాన్ని దించేశాడా.

"ఉంటుందమ్మా," అంది బుడ్డి. "మీట నొక్కాడంటే కెమెరాలో ఉంటుంది. కంటికి కనబడకపోయినా కెమెరాకి కనబడుతుంది. ఎండిన మార్కరైనా కాస్త మరకైనా పడుతుంది కదా. తెలుపులో తెలుపు లాగడమే కదా నా పని."

ఆ మాట అనేటప్పుడు ఆమెకి నిజంగానే ధీమా ఉంది. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీకు పుణ్యముంటుంది, చూసి చెప్పు," అంది. సెట్టింగు సంగతి బుడ్డికి గుర్తొచ్చింది కార్డు కెమెరాలోంచి తీస్తున్నప్పుడు. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అమ్మకి ఏమీ చెప్పలేదు.

మర్నాడు కంపెనీలో ఫొటోలు తీసే షెడ్డులో బేసిన్ల పని పక్కన పెట్టి, పెద్ద తెర ముందు కూర్చుంది. పక్కన గురువుగారు. ఫొటోలు దిద్దే ఆయన, అరవై దాటినవాడు, అందరికీ గురువుగారే. కార్డులో చివరి మూడు ఫ్రేములూ తెరిచారు. మూడూ తెల్లగా ఉన్నాయి. కింద దుప్పటి, బోర్డు అంచున నాన్న బొటనవేలు, గోరు సందులో ఎప్పటిదో పోని నీలి రంగు. బోర్డు మాత్రం తెల్లగా ఉంది.

"వెలుగు ఎక్కువై పాడయిందేమో," అన్నాడు గురువుగారు.

"కాలేదు. నేను పెట్టిన లైటు. హద్దు దాటకుండా జాగా ఉంచాను."

కొలిచి చూస్తే నిజమే. వెలుగు హద్దు దాటలేదు. అంటే నాన్న రాసిన ఆ లేత మరక వెలుగుతో పాటు కెమెరా లోపలికి వచ్చింది. కటకం దాటి వచ్చింది. వచ్చాక, దాచుకునేటప్పుడు పోయింది. 

వెలుగు తేడాని తెర మీద సాగదీశారు. రెట్టింపు, పదింతలు, యాభై ఇంతలు. తెల్ల బోర్డు మచ్చలు మచ్చలుగా, పెచ్చులూడిన గోడలా విరిగింది. ఒక్కో మచ్చ లోపలంతా ఒకే తెలుపు. అక్షరం ఉండాల్సిన చోట కూడా అదే తెలుపు. మూడు ఫ్రేముల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చారు, ఒక్కోదాంట్లో లేనిది మూడింట్లో కలిసి పైకి తేలుతుందేమోనని. గురువుగారు తనకి తెలిసిన విద్యలన్నీ వాడాడు. మధ్యాహ్నం టీ చల్లారిపోయింది. అవతల బేసిన్లు విప్పని అట్టల్లోనే ఉన్నాయి.

నాలుగింటికి ఒకటి దొరికింది. బోర్డు కింది మూల నాన్న మోచెయ్యి నీడ పడింది. నీడలో కెమెరా మెట్లు కలపలేదు. ఆ బూడిద రంగు తునకలో, సన్నగా, వంపు తిరిగి, చివర లావెక్కి ఒక గీత.

"గీత పెట్టాడు," అంది బుడ్డి.  "పూర్తయింది. ఏం చెప్పాలనుకున్నాడో అది పూర్తిగా చెప్పేశాడు గురువుగారూ."

గీత పైన ఏముందో మాత్రం లేదు. నీడ అక్కడిదాకా రాలేదు. ఇంకో నాలుగు వేళ్ళ మేర వచ్చి ఉంటే సరిపోయేది. ఆ నీడ పడకుండా ఉండాలని లైటు జరిపింది కూడా బుడ్డే. శుభ్రంగా తియ్యాలని.

గురువుగారు కుర్చీ వెనక్కి జరిపి చేతులెత్తేశాడు. నెమ్మదిగా అన్నాడు, "మీ నాన్నగారి అక్షరాలు మన దగ్గర ఎనిమిది నెలలవి ఉన్నాయి. ప్రతి గుణింతం ఉంది. ఏం కావాలంటే అది, లేత మరకలా, ఈ బోర్డు మీద పెట్టగలను. మీ అమ్మగారికి తేడా తెలియదు. పెద్దావిడ ప్రశాంతంగా ఉంటుంది. ఆలోచించుకో."

ఆయన మంచివాడు, చెడుకి అనలేదు. బుడ్డి ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధం. పాత ఫ్రేములు తెరిచింది కూడా. ఫలానా రోజు "కోపం వద్దు" అని డాక్టరు గురించి రాసినది. ఇంకో రోజు "బాగుంది" అని గంజి గురించి రాసినది. "నువ్వు" అయితే ఎక్కడ చూసినా ఉంది. ఏరుకుంటే చాలు. ఏరుకుంటూ ఉంటే ఆ అక్షరాల మీద నాన్న చెయ్యి కదులుతున్నట్టే ఉంది, తనేమో ఆ చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టు ఉంది. చిన్నప్పుడు ఆయన తన చెయ్యి పట్టుకుని రాయించిన వైనం గుర్తొచ్చింది. అన్నీ మూసేసింది.

"వద్దు గురువుగారూ."

పోతూ పోతూ ఆఖరి ఆశగా ఇంకో పని చేసింది. అసలు బోర్డుని కూడా పొద్దున సంచిలో పెట్టుకుని తెచ్చుకుంది, దాన్ని బేసిన్ల బల్ల మీద పెట్టి, పక్కనుంచి వాలుగా లైటు వేసి చూసింది. ఎండిన మార్కరు గట్టిగా నొక్కితే గాటు పడి ఉంటుందేమోనని. గాట్లు ఉన్నాయి. ఎనిమిది నెలల గాట్లు, కొన్ని వేల మాటలు, ఒకదాని మీద ఒకటి. వాటిలో ఆఖరిది ఏదో బోర్డుకే తెలియాలి.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. ఎప్పుడొస్తుందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నట్టుంది. కళ్ళజోడు పెట్టుకుంది. దాన్ని తుడిచి మరీ పెట్టుకుందని బుడ్డికి తెలిసిపోయింది, అద్దాలు తళతళలాడుతున్నాయి.

"దొరికిందా?"

"గీత దొరికిందమ్మా. కింద గీత పెట్టాడు నాన్న."

అమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. "గీత పెట్టారా. అయితే చెప్పాల్సింది చెప్పేశారన్నమాట." మళ్ళీ తనే అంది, "కోపంగా ఉన్నప్పుడూ పెట్టేవారులే. 'చాలు' అని రాసి కూడా గీత పెట్టేవారు. పైన ఏముంది?"

"రాలేదమ్మా."

"రాకపోవడమేంటే? కెమెరాలో ఉంటుందన్నావుగా."

బుడ్డి లాప్‌టాప్ తెరిచి, మొదటి ఫ్రేము తెరనిండా పెట్టి అమ్మ ఒళ్ళో ఉంచింది.  అమ్మ బొటనవేలిని చూసింది, దుప్పటిని చూసింది. తెల్ల బోర్డు మీద ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది. అటు వంచి, ఇటు వంచి చూసింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. బుడ్డి ఆ వంగిన వీపునే చూస్తూ నిలబడింది. చెయ్యగలిగింది ఏమీ లేదు.

చాలాసేపటికి అమ్మ తలెత్తింది. ముఖంలో ఏదో వదులైంది.

"ఆ రోజూ అచ్చం ఇలాగే ఉంది," అంది. "ఇంత మంచి కెమెరాకే ఏమీ కనబడలేదు. అంటే నేను కళ్ళజోడు పెట్టుకుని ఉన్నా కనబడేది కాదన్నమాట."

రెండు వారాలుగా, కాదు, నిన్నటి నుంచి ఆమె గుండెల మీద ఉన్న బండ అదే. బుడ్డికి తెలుసు, ఎండిన మార్కరు మరక తెల్ల బోర్డు మీద, కిటికీ వెలుగులో, వాల్చి పట్టుకుంటే, కళ్ళజోడు పెట్టుకుంటే కనబడే అవకాశం ఎంతో కొంత ఉంది. ఆ వెలుగంతా దాచుకుని ఉంటే కెమెరాకైతే తప్పకుండా కనబడేది. 

"కనబడేది కాదమ్మా," అంది.

"నిజంగానా?"

"నిజంగా. ఎవరికీ కనబడేది కాదు."

అమ్మ తల ఊపింది. కళ్ళజోడు తీసి కొంగుతో అద్దాలు తుడుచుకుంది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. లాప్‌టాప్ మూత తనే జాగ్రత్తగా వేసి, కూతురి ముఖంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో ఏమో, చెయ్యి చాపి కూతుర్ని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇప్పుడు ఓదార్చడం ఆమె వంతయింది.

"నువ్వెందుకే అలా అయిపోతావు? నువ్వు చేసిందేముంది, పాపం ఇంత తంటాలు పడ్డావు. కెమెరా అన్నాక కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. నీ బేసిన్ల ఫొటోల్లో కూడా ఇలాగే పోతుంటాయి కాబోలు, అవునా?"

బుడ్డి అమ్మ భుజం మీద తల పెట్టుకుంది, ముఖం కనబడకుండా.

"అవునమ్మా," అంది. "పోతుంటాయి."